పొగ తాగిన ద్రాక్ష

చీటీల్లో నా పేరొచ్చింది.
డిపో అంతా ఒకటే నవ్వు.
చుక్క ముట్టని ట్రామ్ డ్రైవరు
ఆదివారం బార్బెక్యూకి వైన్లు తేవాలట.

ఒట్టు పెట్టుకున్నవాణ్ణేం కాదు,
ఎందుకో మొదలు పెట్టలేదు, అంతే.

ప్రాస్పెక్ట్ రోడ్డు మలుపులో డెస్పినా కొట్టు.
బయట నలభై ఒకటి.
"ఎంతలో కావాలి?" అనలేదామె.
"ఏం కాలుస్తున్నారు?" అంది.

మెరిల్ సాసేజీలు, ఎప్పట్లాగే ఒకవైపు మాడేవి.
టువాన్ రొయ్యలు, నిమ్మగడ్డి పట్టించి.
నావి గొర్రె చాప్స్, గోంగూర నూరి రాత్రంతా నానబెట్టినవి.
"కారం ఎంత?"
వేలి కణుపు చూపించాను.
అబద్ధమనిపించి అరచెయ్యి చూపించాను.

"అయితే ముదురు షిరాజ్ వద్దు,
మంట మీద కిరసనాయిలు పోసినట్టుంటుంది.
రొయ్యలకి ఈ క్లేర్ లోయ రీస్లింగ్,
నిమ్మచెక్క పిండే పని తప్పుతుంది.
నీ గోంగూరకి గ్రెనాష్, అరగంట ఐస్‌లో పెట్టి."
"ఎర్రదాన్నా ఐస్‌లో?"
"ఈ ఎండలో నన్నైనా పెట్టొచ్చు."

షిరాజ్ సంగతి ఇంకా చెప్పాలని
గాల్లో మాట వెతుక్కుంటోంది:
చిగుళ్ళని పట్టుకుంటుంది, నాలుక ఆరిపోతుంది,
మరిగి మరిగి మిగిలిన టీ అడుగులా...
"వగరు" అన్నాను.
నేరేడు పళ్ళు తిని ఊదారంగు నాలుక చాపిన మధ్యాహ్నం,
వక్క కొరికిన దవడ,
ఉప్పద్దినా లొంగని మామిడి పిందె,
అన్నీ ఒక్కసారి నోట్లోకొచ్చాయి.
"వగర్రు" అంది, చివర్న కాస్త దొర్లించి.
తాగేవాళ్ళకి తెలుసో లేదో,
ఆ రుచికి నా దగ్గర పేరుంది.

డబ్బులిస్తుంటే అడుగు అరలో కనబడ్డాయి
చీటీలు అంటించని సీసాలు.
"మా లజారస్‌వి. కొండల్లో తోట.
ఆ మంటల ఏడాది తీగలు కాలలేదు, పక్క కొండ కాలింది.
పదకొండు రోజులు పొగ పళ్ళ మీదే పడుకుంది.
గుటక చివర్న బూడిద తగుల్తుంది. ఎవరూ కొనరు.
పారబొయ్యడానికి వాడికి చెయ్యి రాదు."
రెండు నా సంచిలో పెట్టింది, ఊరికే.

ఆదివారం గాలి లేదు, నిప్పు నిషేధమూ లేదు.
రొయ్యలు ఎర్రబడకముందే రీస్లింగ్ అయిపోయింది.
గ్రెనాష్‌లో ఎవరో ఐస్ ముక్కలే వేశారు.
మెరిల్ తన ముదురు షిరాజ్ తానే తెచ్చుకుని
నా చాప్స్‌తో తాగి, కళ్ళు తుడుచుకుంటూ
"ఇదీ అసలు మంటంటే!" అని ఇంకోటి వడ్డించుకుంది.
చెప్పొద్దులే డెస్పినాకి.

చీటీ లేని సీసా అలాగే ఉంది.
నేను బొగ్గుల్లో రెండు వంకాయలు పడేశాను.
నల్లబడి, పగిలి, ఆవిరి కక్కాక
పొట్టు ఒలిచి, పచ్చిమిరపకాయలతో నలిపి ఉప్పేశాను.
కోలిన్ వచ్చాడు, మెకానిక్.
ఆ జనవరిలో వాలంటీరుగా కొండలెక్కినవాడు.
గ్లాసు వంచి, ఆగాడు.
"ఇదెక్కడిది?"
చెప్పాను.
ఏమీ అనలేదు. ఒక రొట్టె ముక్క తుంచి
వంకాయ అద్దుకుని తిన్నాడు, మళ్ళీ తాగాడు.
బాగుందో లేదో అడగబోయి మానుకున్నాను.
రెండో సీసా మూత అతనే తీశాడు.
తర్వాత క్రికెట్ గురించి మాట్లాడాం.

సోమవారం పొద్దున, మోస్లీ స్క్వేర్‌లో
ఈ చివర క్యాబిన్ నుంచి ఆ చివర క్యాబిన్‌కి నడుస్తుంటే
బెంచీ మీద ముసలామె ముక్కు ఎగరేసింది.
"పొగ..." అంటూ కొండల వైపు తిరిగింది.
సముద్రం ఆమె వెనకాల ఉంది.
నా వేళ్ళు వాసన చూసుకున్నాను.
రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

"వంకాయండీ" అన్నాను.
నమ్మలేదు. ట్రామ్ కదిలేదాకా
అటే చూస్తూ నిలబడింది.