ఎంట్రుకంత సందు

సిరొంచ సంతల గోనెపట్టా మీద
ఉబ్బిన సెల్లులు, తుప్పు స్ప్రింగులు.
మరాఠీ గిరాకితోని బేరం ఆపి
పోశక్క నా టార్చి ఇప్పింది.

"కరెంటు పోతే సరిపోదు పిలగా, మళ్ల తిరిగి రావాలె.
నడుమ ఎంట్రుకంత సందున్నా
అవుతలిగట్టు అవుతలనే."

బల్బును చెవికాడ ఆడించింది.
తెగిన తీగ సన్నగ చిటుకుమన్నది.
పారేస్తదనుకున్న.
సెల్లుకు ఆనించి, పక్కకు వంచి,
గోటితోని కొట్టి కొట్టి
కొసను కొసకు తాకించింది.

భగ్గుమన్నది,
మునుపటికన్న తెల్లగ!

"మురువకు. తీగ పొట్టిగైంది,
అందుకే గింత ఎలుగు.
శానా దినాలుండది."
పైసలు తీసుకోలే.

చీకట్ల ప్రాణహిత దాటుతుంటె
పడవల నేను టార్చి ఎయ్యలే.
స్విచ్చి మీద బొటనవేలు పెట్టుకొని
ఊకె కూసున్న.