లాభం, రెండు

హిల్ కాలనీ పాతసామాన్లాయన
ఇత్తడి చెంబుల కింది నుంచి
నల్ల పళ్లెం ఒకటి గుంజి కాంటాల ఏసిండు.
"పలిగితే ఇరవై, పలగకుంటే నలభై."
పలగలే.
నడుమ ఉండే కాగితాన్నే చెదలు తిన్నయి.
పేరు తిన్నయి, ఊరు తిన్నయి, ఏడాది తిన్నయి,
పాటను ముట్టలే.

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు,
ఖాజామియా రేడియో దుకాణం.
ఐతారం పొద్దుమూకినంక
షట్టరు సగం దించి మేం ముగ్గురం.
భూతద్దం కింద పళ్లెం వాల్చి చూస్తే
గీతలన్నీ ఒడిసిన కాడ, మెరిసే ఉత్త జాగల,
ఎవరో మొనతోని గీకిన అంకెలు.
నాలుగు, సున్న, ఒకటి, ఏడు, అడ్డగీత, రెండు.
"జాజే. రెండో టేకు" అన్నడు ఖాజామియా,
కాన్పు గదిల నుంచి మంత్రసాని
తల బయటికి పెట్టి చెప్పినట్టు.

తగాదా గాడ మొదలైంది.

లైన్‌మన్ కొలువు దిగిన శంభులింగం అంటడు:
మొదటిది మంచిగుంటే రెండోది ఎందుకు తీస్తరు?
బాకా ఊదెటాయన యాడనో జారిండు.
ఖాజామియా అంటడు:
ఆ జారుడే కావాలె నాకు.
రెండోసారికి మనిషి హుషారైతడు,
హుషారైనోడు గోడ పట్టుకొని నడుస్తడు.
మరి మొదటిదేమైంది?
నచ్చకుంటే మైనం చెక్కి, నున్నగ చేసి
ఇంకోని పాటకు పెట్టేటోళ్లట.
ఎవని గొంతు కింద ఎవడున్నడో!

నేను రైసుమిల్లుల కాంటా గుమస్తాను.
నా పద్దుబుక్కుల డిస్కులకో పేజీ ఉంది.
కొన్న తారీఖు, తూకం, ధర, కమీషను లేదు.
వాయించినోళ్లు అన్న గడి ఖాళీ.
రెండు నిమిషాల పదకొండో సెకండు కాడ
ఎవరో దగ్గుతరు.
దానికో గడి గీసిన: "దగ్గు. మొగమనిషి. బీడీ."
శంభులింగం కొట్టెయ్యమన్నడు.
"బీడీ దగ్గు గాదు గది. పత్తి దుమ్ము.
మా బామ్మర్ది నల్లగొండ జిన్నింగు మిల్లుల
పద్నాలుగేండ్లు అట్లనే దగ్గిండు."
కొట్టేసిన. పత్తి అని రాసిన.

వడ్ల సీజనుల ఊరి మిల్లులన్నీ ఒక్కపారి నడుస్తయి,
దుకాణంల బల్బు పండిన నిమ్మకాయ రంగుకొస్తది,
పళ్లెం బరువెక్కుతది,
బాకా అర మెట్టు కిందికి దిగుతది.
ఎండకాలం విన్న పాట కార్తీకంల ఏడుపు.
అసలు శ్రుతి ఏదో మాకెవ్వరికీ ఎరుక లేదు.
ఏ పట్నంల పట్టిండ్రో ఆ శ్రుతి
ఈడ మా సబ్‌స్టేషన్ దయ.
"నన్ను చూడకుండ్రి" అంటడు శంభులింగం.

ఒకరోజు కాంటా కాడ
ముసలి హమాలీ ముత్తిలింగు బస్తాలు లెక్కవెడుతుంటే
చేతిల పెన్ను ఆగింది.
లాభం, రెండు, మూడు, నాలుగు...
ఒకటి అనడు. వాళ్ల నాయిన కుంచంతోని కొలిసినప్పుడు గూడ
ఒకటి అనలేదట.
"మరి ఆ లాభం ఎవరికి పోతది తాతా?"
"లెక్క తప్పిస్తున్నవు, పక్కకు జరుగు."

ఆ రాత్రి పద్దుల దిద్దిన:
టేకు, లాభం. మనకాడ లేదు.
టేకు, రెండు. ఉన్నది.
ఖాజామియా చదివి ఏమనలే.
దేవరకొండ తొవ్వల తెంపుకొచ్చిన తుమ్మముల్లును
బ్లేడుతోని సాపు చేసి, సూది జాగల బిగించి
మెల్లగ దించిండు.

దగ్గు దగ్గరికొస్తుంటే
మేం ఊపిరి బిగవట్టుకుంటం, ఎప్పుడైనా అంతే.
రెండు నిమిషాల తొమ్మిదో సెకండుల కరెంటు పోయింది.
బాకా మెట్లు దిగి దిగి
బాయిల పడ్డ బొక్కెన లెక్క ఆగింది.
చీకట్ల ఖాజామియా పళ్లెం అంచుకు వేలు ఆనించి
తిప్పుడు మొదలువెట్టిండు.
స్పీకరు సచ్చింది గని ముల్లు పలుకుతనే ఉంది,
దోమంత.
మూడు తలకాయలు దాని మీదికి వంగినయి.
వేలు వడి ఓపాలి ఎక్కువ, ఓపాలి తక్కువ,
బాకా తూలుకుంట, తడుముకుంట వచ్చింది,
ఆయన దగ్గిండు.

"మూడు" అన్నడు శంభులింగం.