బే కింద చుక్క

వంతెన పడ్డంక నా నావకు పని లేదు.
ప్రాణహిత గట్టున బోర్లించి
దాని వీపు మీద
కూలికొచ్చిన మిరపకాయలు ఆరబోస్తున్న.

ఒక శనివారం పొద్దుగాల ముబీనా ఆపా వచ్చింది,
సిరొంచ ఉర్దూ బడిల దీనియాత్ చెప్పే పంతులమ్మ.
వెనక ఇరవైమంది పిల్లలు, చేతుల్ల చెప్పులు.
"దస్తగిరి భాయ్, నీ నావ తిరగేస్తవా?
ఈ పూట మాకు అక్షరం కావాలె."

నవ్వొచ్చింది నాకు.
అక్షరమంటే నేనెరిగింది బెత్తమే.
అలిఫ్ కాడ అరచెయ్యి వాచింది,
బే దాకా పోకముందే
తెడ్డు పట్టుకున్న.

కాయలు సంచికెత్తి నావను వెల్లకిల వేసిన.
నా తెడ్డే ఇసుకల పాతింది ఆపా.
"ఇది అలిఫ్. ఎటూ వంగదు."
నావ కిందికి ఒక గుండ్రాయి దొర్లించింది.
"ఇది బే."
రాయి తీసి ఇద్దరు పిల్లల్ని ఎక్కించింది. "తే."
మూడోవాడు ఎవరూ చెప్పకుండనే ఎగిరి దుంకిండు.
"సే!" అని గట్టంతా అరిచింది.
అవతల బట్టలు పిండే రాజవ్వ
చీర నీళ్లల్ల వదిలేసి చూసింది,
అది కొట్టుకపోతుంటే మళ్లా ఉరికింది.

తర్వాత జకాత్.
నా సంచిలకెల్లే నలభై మిరపకాయలు లెక్కపెట్టించింది.
తుమ్ములు, మండే కండ్లు, మధ్యల లెక్క తప్పుడు.
నలభైల ఒకటి పక్కకు పెట్టింది.
"ఇది మీది కాదు. ఎన్నడూ కాలేదు.
మీ కాడ జరసేపు ఆగింది, అంతే."

నా బిడ్డ తబస్సుమ్ లేచింది, మొండిది.
"ముప్పైతొమ్మిదే ఉంటే, ఆపా?"

ఆపా పుస్తకం తెరవలేదు.
పొద్దు వాలే దిక్కు, నది అవతలికి,
మేం నమాజుకు మొగం తిప్పే దిక్కు చూసింది.
"నాకు తెలుసు. కానీ నువ్వే చెప్పాలె.
వారం గడువు."

బెత్తం పట్టినోళ్లెవరూ
నాకు వారం గడువియ్యలేదు.

రాత్రి దీపం తగ్గించినంక
చీకట్లకెల్లి వచ్చింది జవాబు.
"అబ్బా, మన కాడ ముప్పైతొమ్మిదే ఉంటే
ఆ పక్కకు పెట్టిన కాయ
మనింటికే రావాలె గదా?"
వాళ్లమ్మ కిసుక్కున నవ్వింది.
నేను అటు తిరిగి పండుకున్న,
నిద్ర పట్టలేదు.

తెల్లారక ముందే గట్టుకు పోయిన.
నావ వెల్లకిలనే ఉంది, లోపల మంచు తడి.
ఎవరన్న చూస్తరేమోనని రెండు దిక్కులా చూసి
ఆ గుండ్రాయి వెతికి
కిందికి తోసిన.

బే.

నలభై రెండేండ్లు పట్టింది.