బురద గీత మీద

ట్రంకుపెట్టె అడుగున
ముప్పై రెండు శుభలేఖలు మిగిలినయి.
మొన్నటి వానకాలం ప్రాణహిత ఇంట్లకొచ్చి
మూడు రోజులుండి పోయింది కద,
పోతూ పోతూ ప్రతి కార్డుకూ
కింద వేలెడు ఎత్తున
ఒక బురద గీత గీసిపోయింది.

"పారేద్దామా అత్తా?" అంది జెమీమా.
వెనక పక్క తెల్లగనే ఉంది కదనే, అన్న.
మంచిర్యాల దుకాణంల ఒక్కో కార్డు నలభై రూపాయలు,
తెరిస్తే పాట పాడేది డెబ్బై.
మనయి పాడవు.
తెరిస్తే కొంచెం ఏటి వాసనొస్తది, అంతే.

ఇల్లంతా దేవులాడినం.
నానమ్మ షుగరు గోలీల వెండి రేకులు,
రజియా మిషను కింద ఊడ్చిన జరీ ముక్కలు
(సూది ఉంటదేమో, సూసి పట్టుకో అని
కాగితంల చుట్టి ఇచ్చింది),
ఎండాకాలం కట్టల్ల పోకుండ తప్పించుకున్న
ఒకే ఒక్క తునికాకు.
అంగన్‌వాడీ మైనం పెన్సిళ్ళు అన్నీ అరిగి మొద్దులే,
తెలుపొక్కటే నిండుగుంది.
తెల్ల కాగితం మీద తెలుపుతో ఎవరు గీస్తరు?

మైదపిండి ఉడికించి
బొద్దింకలు ముట్టకుండ చిటికెడు మైలుతుత్తం కలిపిన.
తునికాకును ఐదు మూలల చుక్కగ కత్తిరించి
అదే అచ్చు పెట్టుకొని
వెండి రేకుల్ల చుక్కలన్నీ కోసింది పిల్ల.

"మంచు ఎట్లుంటదత్తా?"
నేనేడ చూసిన?
దూరం నుంచి పత్తిచేను లెక్క ఉంటదేమో.
"ఏరితే చేతులు గీరుకుంటయా?"
గీరుకోవట. సల్లగ కాలుతదట.
దిండు కుట్లు విప్పి పిడికెడు పత్తి గుంజినం.

బళ్ళో మరాఠీ కద దానికి,
పైన "నాతాళ్" అని రాస్తానని గట్టిగ పలికింది.
నానమ్మ ఉలిక్కిపడి కొంగు ముడి తడుముకొని
"నా తాళం ఈడ్నే ఉందే" అంది.
నవ్వి నవ్వి జిగురు గిన్నె తన్నుకున్నం.

గొర్రెల కాపరులకు నేల గీసే పని లేకపోయింది.
ఏరే గీసిపెట్టింది,
దాని మీదనే నిలబెట్టినం.
ఒంటెలే కుదరలే. ఎన్నిసార్లు గీసినా
గూని పడ్డ బర్రె అయితున్నది.
చివరికి జ్ఞానులు ముగ్గుర్నీ పడవ ఎక్కించినం.
ఆ కార్డు లచ్చయ్యకు.
వంతెన పడ్డ కాన్నుంచి
ఒడ్డు మీద బోర్లించిన పడవ ఆయనది,
ముగ్గురన్న ఎక్కనీ.

కార్డు తెరిచి
ఎర్ర అచ్చు మీద వేలు పెట్టి
తెలుగు కూడబలుక్కుంది జెమీమా.
"సు... వా... ర్త. అత్తా, నీ పేరు!"
ఆ.
"పక్కన ఈ పేరెవరిది?"
పత్తి ఇటియ్యి, అన్న.

ఆ పేరు మీద మంచు కురిసింది.
తేదీ మీద వెండి చుక్క పొడిచింది.
నా పేరు ఉండనిచ్చిన,
పంపేది నేనే కద.
కింద "తప్పక రావలెను" అని ఉన్నది,
అదీ ఉండనిచ్చిన.
పండుగకు రావొద్దా మరి?

మొదటి నాలుగైదు కార్డులకు
చెయ్యి కొంచెం నిలిచింది.
పదో కార్డుకు జిగురు ఎక్కువైందని తిట్టుకుంటున్న.
ఇరవై దాటినంక
చదవకుండనే కురిపించిన.

రజియాకొకటి, డాక్టరమ్మకొకటి,
అన్నీ మోసుకపోయే మడావి తాత్యాకు
ఎవ్వరూ ఉత్తరం రాయరట, ఆయనకు రెండు.

ముప్పై ఒకటికి పత్తి అయిపోయింది.
ఇంకో దిండు విప్పబోతే
నానమ్మ దాని మీద తల పెట్టి పడుకుంది.
జెమీమా తెల్ల మైనం తీసి
ఆ పేరు మీద అటూ ఇటూ
నాలిక కొస బయటపెట్టి మరీ రుద్దింది.
పోలేదు.
పొద్దుగాల ఏటి మీద పొగమంచుల
అవతలి ఒడ్డు కనిపించినట్టు
ఎర్రగ, పలచగ, అట్లనే ఉంది.

"ఇది ఎవరికత్తా?"
ఉండనియ్యే.
జిగురు ఆరలే ఇంకా.