పది మార్కుల ప్రశ్న

శ్రీకాకుళంలో స్పాట్ వాల్యుయేషన్. మే నెల.
ఫ్యాను తిరిగినంతసేపూ
పేపర్ల మీద బరువు పెట్టుకోవాలి.
నా బరువు టెక్కలి నీలిరాయి ముక్క,
క్వారీ గట్టున ఎప్పుడో ఏరుకున్నది.

మూడో ప్రశ్న:
భూవిజ్ఞానశాస్త్రము యొక్క అర్థమును, పరిధిని వివరింపుము.
ముప్ఫై ఏడుగురు ఒకే గైడులోంచి దింపారు:
శిలావరణం, జలావరణం, వాతావరణం,
కింద స్కేలు పెట్టి గీత.
నేనూ టిక్కు, టిక్కు, ఏడు, ఏడున్నర.

ముప్ఫై ఎనిమిదో పేపరుకీ పేరు లేదు, నంబరే.
ఉద్దానం పిల్లని నీళ్ల దగ్గర తెలిసింది.

"భూమి అనగా మా బోరు.
నూట ఎనభై అడుగుల్లో జల పడింది.
ఆ రోజు మా అయ్య ఖగపతి కొబ్బరికాయ కొట్టినాడు.
తియ్యగున్నాయన్నారు అందరూ.
ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాస ఎల్లి
నెత్తురు కడిగించుకుని వత్తన్నాడు.
నీళ్లు పట్టుకెళ్లినోళ్లు
సీసాల మీద మా ఊరి పేరు రాసుకున్నారు.
ఏటి తేలిందో ఇంకా చెప్పలేదు."

ఇక్కడ రెండు లైన్లు కొట్టేసింది.
వెలుగుకి ఎత్తి చూశాను. కనబడలేదు.

"తిత్లీ నాడు మా జీడిచెట్లు కూలిపోతే
వేళ్లతో లేచిన ఎర్రమట్టిలో గవ్వ దొరికింది.
సముద్రం మాకు మూడు మైళ్లు.
ఎప్పుడొచ్చిందో, ఎందుకెళ్లిపోనాదో
మా మామ్మకీ తెలీదు.
కాబట్టి అర్థం అనగా,
మనకి ముందు ఇక్కడ ఎవరుండేవారో అడగడం.
పరిధి అనగా,
కొండ కరిగి మట్టి, మట్టిలోంచి నీరు,
నీటిలోంచి మనిషి మూత్రపిండం వరకు.
ఆ తరవాతది సిలబస్సులో లేదు."

కింద పటం.
ఇసుక, ఎర్రమట్టి, రాయి, జల:
పొరలు తిన్నగానే గీసింది.
పైనుంచి కిందికి ఒక గొట్టం.
గొట్టం పైచివర చిన్న మనిషి బొమ్మ,
బాణం గుర్తు వేసి: మా అయ్య.
పక్కన బ్రాకెట్లో:
పటము కొలతకు గీసినది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను.
బోర్డు మీద నా భూమి ఎప్పుడూ
మనిషి అరికాలి దగ్గర ఆగిపోయేది.

చీఫ్ గారిని అడిగాను.
"కీలో ఉందా?" అన్నారు, తలెత్తకుండా.
కీలో మూడు ఆవరణాలున్నాయి.

ఎనిమిది వేశాను. తొమ్మిదిగా దిద్దాను.
దిద్దినచోట సంతకం పెట్టాలి, పెట్టాను.

అటెండరు నీళ్ల సీసా తెచ్చి
నీలిరాయి పక్కన పెట్టి వెళ్లాడు.
మూత తిప్పి
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.