నీల్లు

ఇరవై రెండేళ్ళు చూళైలో
అచ్చాఫీసు వెనకగదిలో కూర్చుని
పరుల తప్పులు తిని బతికాను.
కొమ్ములు తిరిగిన పండితులు
కొమ్ములు మరిచి పంపిన వ్యాసాలకి
కొమ్ములు తగిలించి కిందికి పంపేవాణ్ణి.
ఎర్ర సిరా గోళ్ళలో ఇంకిపోయి
పెళ్ళి పంక్తిలో పక్కవాళ్ళు
గోరింటాకా అని అడిగేవారు.

ప్రెస్సు మూసేశారు. ఆ గదిలో ఇప్పుడు
సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.
చెయ్యి మాత్రం ఊరుకోదు.
"నా బార్యకి జొరం" అని తమ్ముడు పంపితే
జ్వరం ఎంతుందని అడగలేదు,
ఒత్తు లేని భార్యతో ఎలా వేగుతున్నావురా అన్నాను.

దేసమ్మ మా వీధి ఊడుస్తుంది.
ఉండేది పులియంతోపు. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం,
క ఖ గ ఘ లకి ఒక్కటే అక్షరం పెట్టే బడి.
"దేశమ్మ కదా, శ రాయాలి" అన్నానోసారి.
చీపురు ఆపింది.
"మా యమ్మ పెట్టింది సార్ పేరు,
మీరు కాదు గదా."

కార్తీకంలో ఆ రాత్రి
ఆకాశం పొల్లుపోకుండా కురిసింది.
ఒంటిగంటన్నరకి ఫోను వెలిగింది:
"సార్ ఇంట్లోకి నీల్లు వచ్చేసినయ్
మంచం దాక వుండయ్
పిల్లోల్లు బయపడతా వుండారు
మీ మేడ మీదకి రావచ్చునా"

నేను
(చెప్పుకోడానికి నోరు రావడం లేదు)
నేను ముందు పంపిన జవాబు
"నీళ్ళు".
ముందు నక్షత్రం పెట్టి మరీ.
అలవాటు చేసింది, నేను కాదు అనొచ్చు.
వేలు నాదే.
"రండి" అని రాయడానికి
ఇంకో నిమిషం పట్టింది.
ఆ నిమిషంలో వాళ్ళింట్లో
ఎన్నంగుళాలు పెరిగిందో
నా బీరువాలో ఏ నిఘంటువూ చెప్పదు.

వచ్చారు. నడుము దాకా తడి.
ముగ్గురు పిల్లలు, ఒక కుక్కరు,
ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రేషన్ కార్డు.
కరెంటు లేదు. కొవ్వొత్తి దగ్గర టీ ఇచ్చి
తెలుగక్షరాలు ఎక్కడ నేర్చావన్నాను,
ఏదో ఒకటి అడగాలని.
"మీ ప్రెస్సు బుట్టలోనే సార్.
చిన్నప్పుడు అమ్మ ఎంట వచ్చి
కాయితాలు ఏరుకొనేదాన్ని.
ఎర్ర గీతలు చూసి
మంచి మాటలకి అట్లా సింగారిస్తారేమో అనుకొంటి."

నేను చాలాసేపు మాట్లాడలేదు.
కొట్టేసి చంపాననుకున్నవన్నీ
పులియంతోపులో కాపురం ఉంటున్నాయి.

తెల్లారుతుండగా
ఫోనులో నక్షత్రం చూపించి అడిగింది:
"దీంట్లో ళ కింద ళ నా సార్, ల నా?"
నరహరీ నేనూ ఈ ఒక్క ముక్క మీద
ఎనిమిదేళ్ళు మాటలు మానుకున్నాం.
అతను ల అన్నాడు.
ఆస్పత్రి మంచం మీద కూడా ల అనే అన్నాడు.
"రెండూ రాస్తారు" అన్నాను.
గొంతు నాదిలా లేదు.

అయినా బుద్ధి పోదు కదా:
"భయానికి మాత్రం ఒత్తుంటుంది."
పడుకున్న చిన్నదాని కాళ్ళ మీద
నా పాత పంచె సర్దుతూ
"వుంటది సార్" అంది.
"రాత్రి చూస్తి గదా."

తర్వాత మెట్లు దిగి చూసొచ్చి
ఇంకా రెండు మెట్లు మునిగే ఉన్నాయని చెప్పింది.