మూడు చుక్కలు

హాలిఫాక్స్‌లో, ఎటు నడిచినా ఎక్కుడే ఉండే ఊళ్ళో
గ్లెనిస్ పూలకొట్టు పైగదిలో అద్దెకుంటాను.
నైట్ డ్యూటీ లేని రాత్రుళ్ళు
మెట్ల కింద వెలుగు కనబడుతుంది,
నీలంగా, పలచగా.

"ఇంకా పడుకోలేదా?" అంటే
ఒకసారి ఫోను నాకేసి తిప్పింది.
కొట్టు పేరు కింద, చీమతలంత అక్షరాల్లో:
సాధారణంగా నిమిషాల్లో జవాబిస్తారు.

ఆ బిరుదు ఎవరిచ్చారో ఆమెకి తెలీదు.
సభ జరగలేదు, శాలువా కప్పలేదు.
ఒక మంగళవారం పొద్దున్న చూస్తే ఉంది, అంతే.
ఆ వారం తొమ్మిది ఆర్డర్లు ఎక్కువొచ్చాయి.
అప్పట్నుంచీ
ఆ ఒక్క వాక్యానికి కాపలా.

స్నానాల గదిలోకి ఫోను. చర్చిలోకి ఫోను.
క్లిఫర్డ్‌కి మోకాలి ఆపరేషన్ రోజు
మా వార్డు బయట నిలబడి
"లిల్లీలున్నాయండీ, శుక్రవారానికి అందుతాయండీ"
అని కొడుతూ, డాక్టరు చెప్పింది సగమే విన్నది.
మిగతా సగం నేను చెప్పాను.

అయినా పోయింది.
ఛార్జింగు అయిపోయిన ఒక మధ్యాహ్నానికి
"నిమిషాల్లో" కాస్తా "కొన్ని గంటల్లో" అయింది.
అబద్ధమేం రాయలేదు వాళ్ళు.
ఆర్డర్లు మాత్రం కొండ దిగి
బ్రిగ్‌హౌస్‌లో ఇంకో కొట్టుకి వెళ్ళిపోయాయి.
"నా గులాబీలు నిన్నటివే కదే, వాసన తగ్గిందా?" అంది.
ఏమనాలో తోచక టీ పెట్టాను.

ఫిబ్రవరి. మంచు పడబోయి మానేసిన రాత్రి.
ఎవరో రాస్తున్నారు.
మూడు చుక్కలు.
ఆగాయి.
మళ్ళీ మూడు చుక్కలు,
ముగ్గుకి కూచుని, పిండి చాలక లేచిపోయినట్టు.
ఆమె పక్కనే దుప్పటి కప్పుకుని నేనూ.
చుక్కలు లెక్కపెట్టడమంటే
ఆకాశంలోవే అనుకున్నానిన్నాళ్ళూ.
రెండు దాటింది. మాట రాలేదు.

పొద్దున్న షట్టరు ఎత్తేసరికి
బస్సు డ్రైవరు కోటులో ఒక మనిషి.
"రాత్రి రాసింది నేనే. తుడిచేశాను.
ఎవరికి పూలని అడుగుతుంది కదా మీ గడి.
విడిపోయి పదకొండేళ్ళు. మొన్న పోయింది.
ఏమవుతుందని రాయను?"

గ్లెనిస్ ఏమీ అడగలేదు.
ఎర్రవి తీసి, పక్కన పెట్టి,
తెల్లవి తీసి, పక్కన పెట్టి,
చివరికి నారింజ రంగు జెర్బెరాలు ఏడు
ఒక్కో కాడా ఏటవాలుగా కోసి కట్టింది.
ఇరవై నిమిషాలు పట్టింది.
కౌంటరు మీద ఫోను బుర్రుమంది, బుర్రుమంది,
తనే అలిసి ఊరుకుంది.

కార్డు మీద, పేరు ఉండాల్సిన చోట
పెన్నుతో మూడు చుక్కలు పెట్టింది.
అతను చాలాసేపు చూసి, చిల్లర మర్చిపోయి వెళ్ళాడు.

దాచడమెందుకు, సాయంత్రానికి
మళ్ళీ ఫోను చేతిలోనే ఉంది.
కొట్టు అద్దె ఒకటో తారీకుకి ఆగదు కదా.
నేను డ్యూటీకి వెళ్తూ తొంగిచూశాను:
బిరుదింకా "కొన్ని గంటల్లో" అనే ఉంది.
ఆమె మాత్రం
కాసిన్ని రాలిన రేకులు ఒళ్ళో వేసుకుని
నిద్రపోతోంది.